తమ్ముడు పంపిన కాగితం

ఖైరతాబాద్ రైల్వే స్టేషన్ దగ్గర ఒక బస్తీ. రాత్రి ఏడున్నర అయింది. ఇళ్ళలో పని ముగించుకుని ఆడవాళ్ళు ఒక్కొక్కరే వస్తున్నారు. చాప పరిచారు. పలకలు, పుస్తకాలు తీశారు.

ఈ బస్తీలో ఆడవాళ్ళను పేరు పెట్టి పిలిచేది తక్కువ. ఏ ఊరి నుంచి వస్తే ఆ ఊరి పేరే. శంకర్‌పల్లి అక్క కూరగాయలు అమ్ముతుంది. సంగారెడ్డి అత్త ఒక హాస్టల్లో వంట చేస్తుంది. పాలమూరు వదిన నాలుగు ఇళ్ళలో గిన్నెలు కడుగుతుంది. ఆమె బస్తీకి వచ్చి పదేళ్ళు దాటింది. ఊళ్ళో వరుసగా బావి ఎండింది, బోరు ఎండింది. ఇంకేం చేస్తుంది? మూట కట్టుకుని పట్నం బస్సెక్కింది.

ఆ రోజు పాలమూరు వదిన చేతిలో పుస్తకం లేదు. ఒక కాగితం ఉంది.

"ఏందది వదినా?" అని అడిగింది శంకర్‌పల్లి అక్క.

"మా తమ్ముడు పంపిండు. సంతకం పెట్టి పంపమన్నడు. ఇదివరకైతే వేలిముద్ర వేసి పంపుదును. ఇప్పుడు చదవకుండ ఎట్ల పెడతా?"

అందరూ దగ్గరికి జరిగారు. వదిన వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదివింది. "మా... గ్రామ... వాగుపై... చెక్‌డ్యాం... నిర్మాణము... నిమిత్తము..."

కాగితంలో ఉన్న సంగతి ఇది. ఒక కంపెనీ డబ్బు ఇస్తుంది. ఆ డబ్బుతో ఊరి వాగు మీద చెక్‌డ్యాం కడతారు. వాగు పక్కన వదినకు, తమ్ముడికి కలిపి మూడెకరాలు ఉంది. తల్లి ఇద్దరి పేరా రాసింది. కట్ట కోసం అందులో కొంత నేల ఇవ్వాలి. ఒప్పుకుంటున్నామని ఇద్దరూ సంతకం చేయాలి.

"ఎంత నేల?" అని అడిగింది సంగారెడ్డి అత్త.

వదిన మళ్ళీ చదివింది. "సర్వే నంబరు ఉన్నది. మా పేర్లు ఉన్నయి. '...గుంటలు' అని ఉన్నది. గుంటల ముందర ఏం లేదు. ఖాళీ."

అవును. అక్కడ చుక్కలు పెట్టి వదిలేశారు. రెండు గుంటలైనా రాసుకోవచ్చు. ఇరవై గుంటలైనా రాసుకోవచ్చు. ఇరవై గుంటలంటే అరెకరం.

"సంతకం పెట్టకు" అన్నారు ఇద్దరు ముగ్గురు ఒక్కసారే.

"పెట్టకపోతే చెక్‌డ్యాం రాదు. నీళ్ళు రాకపోతే తమ్ముడు కూడ ఇక్కడికే వస్తడు, ఈ బస్తీకే" అన్నది వదిన.

ఆమె మాటా నిజమే. అందుకే ఈ సంగతి మొదటి నుంచి తెలుసుకుందాం.

వాన ఎంత?

ఆకాశం నుంచి పడిన నీటిని మిల్లీమీటర్లలో కొలుస్తారు. రేడియోలో, టీవీలో మీరు విన్నారు కదా. ఒక మిల్లీమీటరు అంటే ఎంత? ఒక మీటరు పొడవు, ఒక మీటరు వెడల్పు ఉన్న నేల మీద ఒక లీటరు నీరు. చాలా తక్కువ అనిపిస్తుంది. కానీ ఎకరం అంటే నాలుగు వేల చదరపు మీటర్ల పైన. కాబట్టి ఒక్క మిల్లీమీటరు వాన పడినా, ఎకరంలో 4,000 లీటర్లు పడినట్టే.

హైదరాబాద్ చుట్టుపక్కల ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. లెక్క చేయండి. 4,000ను 800తో హెచ్చవేస్తే 32,00,000. ముప్పై రెండు లక్షల లీటర్లు! బస్తీకి వచ్చే నీళ్ళ ట్యాంకరు 5,000 లీటర్లది అనుకుంటే 640 ట్యాంకర్లు. ఒక్క ఎకరంలో, ఒక్క ఏడాదిలో.

ఈ లెక్క పలక మీద వేసినప్పుడు పాలమూరు వదిన నమ్మలేదు. రెండుసార్లు వేసి చూసింది. రెండుసార్లూ అంతే వచ్చింది. "మా దిక్కు వాన ఇంకొంచెం తక్కువ. అయినా గిన్ని నీళ్ళు ఏడికి పోయినయి?" అన్నది.

మంచి ప్రశ్న. ఈ వాన ఏడాదంతా పడదు. ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపల పడుతుంది. ఆ నాలుగు నెలల్లో కూడా కొన్ని పెద్ద వానలే చాలా నీళ్ళు తెస్తాయి. పెద్ద వాన పడితే నేలకు తాగే తీరిక ఉండదు. నీళ్ళు చేనులోంచి ఒర్రెలోకి, ఒర్రెలోంచి వాగులోకి పరుగు పెడతాయి. పోతూ పోతూ పై మట్టిని కూడా తీసుకుపోతాయి. ఎరువు వేసిన మట్టి అదే. మిగిలిన నీళ్ళలో చాలా భాగం ఎండకు ఆవిరైపోతుంది. లోపలికి ఇంకేది కొంచెమే. బావికీ బోరుకూ ఆ కొంచెమే దిక్కు.

మరి మనం తోడేది? వరి పంటకు సుమారు 1,200 మిల్లీమీటర్ల నీరు కావాలి. మక్కలకు 500 చాలు. నేలను బట్టి, కాలాన్ని బట్టి ఇది కొంత మారుతుంది. ఎకరం వరికి 48 లక్షల లీటర్లు! ఎండాకాలం వరి అంతా బోరు మీద పండించాలంటే, ఆ ఎకరం మీద పడిన వాన మొత్తం ఇంకినా చాలదు. బోర్లు ఎండాయంటే దేవుడికి కోపం వచ్చి కాదు. ఇంకింది తక్కువ, తోడింది ఎక్కువ.

శంకర్‌పల్లి దగ్గరి కొత్తపల్లి

"మా మండలంల కొత్తపల్లి ఉన్నది. అక్కడ చేసి చూపించిన్రు" అన్నది శంకర్‌పల్లి అక్క. ఆ అక్క కూరగాయలతో రైలెక్కితే లింగంపల్లి, బేగంపేట మీదుగా ఖైరతాబాద్‌లో దిగుతుంది. తోటివాళ్ళు కొందరు నాంపల్లి దాకా పోతారు. రైల్లో కొత్తపల్లి మాట ఆమె చాలాసార్లు విన్నది.

కొత్తపల్లి రంగారెడ్డి జిల్లా ఊరు. హైదరాబాద్‌కు 40 కిలోమీటర్ల దూరం. నల్లరేగడి నేల. 1999లో అక్కడ నీటిని కాపాడే పని మొదలైంది. పటాన్‌చెరు దగ్గర ఇక్రిశాట్ అనే పెద్ద వ్యవసాయ పరిశోధన సంస్థ ఉంది. ఆ శాస్త్రవేత్తలు వచ్చారు. వారికి ముందు నడిచిన వారు డాక్టర్ సుహాస్ వాణి. సర్కారు కరువు ప్రాంతాల పథకం వారు, ఎం.వి. ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ కలిశారు. పరిశోధనకు ఆసియా అభివృద్ధి బ్యాంకు డబ్బు ఇచ్చింది.

వాళ్ళు ముందు వాగు దగ్గరికి పోలేదు. గుట్ట దగ్గరికి, చేను దగ్గరికి పోయారు. ఎందుకు? పరుగెత్తే పిల్లవాడిని గుమ్మం దగ్గర పట్టుకోవడం సులువు. వీధి చివరికి పోయాక కష్టం. నీళ్ళూ అంతే. చేనులో పడ్డ చినుకును చేనులోనే ఆపాలి. అందుకే వాలుకు అడ్డంగా దున్నారు, అడ్డంగా విత్తారు. వెడల్పు బోదెలు చేసి, మధ్యలో కాలువలు తీశారు. నీరు ఎక్కువైతే కాలువలో మెల్లగా పోతుంది. తక్కువైతే బోదెలో తడి నిలుస్తుంది. గట్ల మీద గిరిపుష్పం చెట్లు పెట్టారు. వాటి వేర్లు గట్టును పట్టి ఉంచుతాయి. ఆకు కోసి వేస్తే ఎరువు.

తరువాత ఒర్రెలు. చిన్న చిన్న రాతి అడ్డుకట్టలు 97 వేశారు. అవి నీటిని పూర్తిగా ఆపవు. నడక నేర్పుతాయి, అంతే. ఆఖరికి వాగు. నీరు నిలిపే కట్టడాలు 14 కట్టారు. అందులో 13 రాయి, సిమెంటుతో కట్టినవి. ఒకటి మట్టి కట్ట. వాగు పక్కన ఎండిపోయిన 28 పాత బావుల్లోకి కూడా వాన నీరు మళ్ళించారు. నీరు ఇంకి, భూమి లోపల చేరింది. వేరే బావుల్లో ఊట పెరిగింది.

ఇదంతా సుమారు 1,150 ఎకరాల్లో జరిగింది. ఒక పెద్ద వాన పడితే ఏ నేల నీళ్ళన్నీ ఒకే దారిన బయటికి పోతాయో, ఆ నేల మొత్తాన్ని వాటర్‌షెడ్ అంటారు. మన భూమికి సర్వే రాళ్ళు హద్దు. వాటర్‌షెడ్‌కు గుట్టల శిఖరాలు హద్దు. నీటికి పట్టా పాసుబుక్కు తెలియదు కదా!

ఇంకొక సంగతి. వాళ్ళు మట్టిని పరీక్ష చేయించారు. నేలలో గంధకం, జింకు, బోరాన్ తక్కువ ఉన్నాయని తేలింది. ఇవి చిటికెడు చిటికెడు కావలసినవి. కూరలో ఉప్పు లాంటివి. లేకపోతే ఎంత నీరు పెట్టినా పంట రుచి రాదు, అంటే దిగుబడి రాదు. అవి వేశారు. ఎకరానికి 6 క్వింటాళ్ళు పండే మక్కలు రెండింతలయ్యాయి. ఆడవాళ్ళ సంఘం వానపాముల ఎరువు చేసి అమ్మింది. దానికి నేల అక్కరలేదు. భూమి లేని ఆడవాళ్ళకు కూడా చేతిలో నాలుగు డబ్బులు ఆడాయి. చెక్‌డ్యాం కట్టితే భూమి ఉన్నవాడికే లాభం అనే మాట చాలా ఊళ్ళలో నిజం. కొత్తపల్లిలో ఆ సంగతి కొంతైనా ఆలోచించారు.

కంపెనీ ఎందుకు ఇస్తుంది?

"మా దిక్కు బీరు కంపెనీ వాళ్ళే ముందుకొచ్చిన్రు" అన్నది సంగారెడ్డి అత్త.

నిజమే. సంగారెడ్డి దగ్గర ఫసల్‌వాది, శివంపేట, చక్రియాల్, వెంకటకిష్టాపూర్ అనే ఊళ్ళు ఉన్నాయి. అప్పుడది మెదక్ జిల్లా. 2009లో శాబ్‌మిల్లర్ ఇండియా అనే బీరు కంపెనీ డబ్బు పెట్టింది. ఇక్రిశాట్ పని చూపించింది. చెక్‌డ్యాములు, చేను కుంటలు, మట్టి పరీక్షలు, అంతా కొత్తపల్లి దారే. బీరు తీశాక బార్లీ పిప్పి మిగులుతుంది. దాన్ని ఆడవాళ్ళ సంఘం తెచ్చి బర్రెలకు దాణాగా అమ్మింది. పాలు పెరిగాయి. తరువాత 2016లో ఆ కంపెనీని ఇంకా పెద్ద బీరు కంపెనీ కొనేసింది. అది వేరే కథ.

బీరు కంపెనీ పేరు వినగానే మూలన కూర్చున్న అవ్వ ఊరుకోలేదు. "తాగుడుతోని ఇల్లు కూల్చేది వాళ్ళే. వాగు కట్టేది వాళ్ళేనా?" అన్నది.

ఎవరూ నవ్వలేదు. అవ్వ మాట తీసివేయదగినది కాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో, ఇలాగే రాత్రి బడిలో చదువుకునే ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993లో సారాను నిషేధించారు. చెక్‌డ్యాం మంచిదైనంత మాత్రాన ఆ సంగతి మరిచిపోనక్కరలేదు. రెండూ గుర్తుంచుకోవచ్చు.

కంపెనీ డబ్బు ఎందుకు ఇస్తుంది? మూడు మాటలు చెప్పుకోవాలి.

బీరుకు, కూల్‌డ్రింకుకు, మందులకు, కరెంటుకు, అన్నిటికీ నీరు కావాలి. చుట్టూ ఊళ్ళలో నీరు ఎండితే కంపెనీ బోరు కూడా ఎండుతుంది. అంటే ఇందులో వాళ్ళ లాభమూ ఉంది. పేరు కూడా వస్తుంది. బోర్డు మీద కంపెనీ పేరు పెద్ద అక్షరాలతో రాస్తారు. ఊరి పేరు కింద చిన్నగా ఉంటుంది. మీరు చూసే ఉంటారు.

మూడో మాట ముఖ్యమైనది. ఇది చట్టం. 2013లో కంపెనీల చట్టం వచ్చింది. అందులో 135వ సెక్షన్ ఉంది. 2014 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. ఏడాదికి 5 కోట్ల రూపాయల లాభం వచ్చే కంపెనీ, లేక 1,000 కోట్ల వ్యాపారం చేసే కంపెనీ, లేక 500 కోట్ల ఆస్తి విలువ ఉన్న కంపెనీ, తన లాభంలో నూటికి 2 రూపాయలు ప్రజల పనికి ఖర్చు చేయాలి. గడిచిన మూడేళ్ళ లాభం సగటు తీసి లెక్క కడతారు. సగటున 100 కోట్ల లాభం ఉంటే 2 కోట్లు. నీటిని, నేలను కాపాడే పని ఆ ప్రజల పనుల జాబితాలో ఉంది. తమ చుట్టుపక్కల ఊళ్ళకు ముందు చూడాలని కూడా చట్టంలో ఉంది. ఎంత ఖర్చు పెట్టిందో కంపెనీ తన ఏడాది నివేదికలో రాయాలి.

"అయితే గిది దానం కాదన్నట్టు" అన్నది వదిన.

కాదు. కాబట్టి చేతులు కట్టుకుని నిలబడనక్కరలేదు. కుర్చీలో కూర్చుని అడగవచ్చు.

అడగకపోతే ఏమవుతుంది? కేరళలో పాలక్కాడ్ జిల్లాలో ప్లాచిమడ అనే చోటు ఉంది. అక్కడ కోకా కోలా ఫ్యాక్టరీ వచ్చింది. కొంత కాలానికి బావుల్లో నీరు తగ్గిందని, చెడిపోయిందని జనం చెప్పారు. 2002లో ఫ్యాక్టరీ ముందు కూర్చున్నారు. మయిలమ్మ అనే ఆదివాసీ స్త్రీ ముందు నిలిచింది. 2003లో పంచాయతీ లైసెన్సు పొడిగించనన్నది. 2004లో ఫ్యాక్టరీ ఆగింది. ఒక కంపెనీ వాగు కట్టి ఇస్తుంటే, అదే కంపెనీ ఎన్ని బోర్లు వేసింది, రోజుకు ఎంత తోడుతున్నది అని కూడా అడగాలి. మన రాష్ట్రంలో 2002 నుంచి వాల్టా చట్టం ఉంది. నీరు, భూమి, చెట్ల చట్టం అది. జనం తాగే నీటి బావికి, బోరుకు 250 మీటర్ల లోపల అనుమతి లేకుండా కొత్త బోరు వేయరాదు. ఇది కంపెనీకీ వర్తిస్తుంది, పక్క చేను పటేలుకూ వర్తిస్తుంది.

మన నల్లా, వాళ్ళ వాగు

ఖైరతాబాద్‌లోనే జలమండలి పెద్ద ఆఫీసు ఉంది. నల్లా బిల్లు మీద ఆ పేరు చూసి ఉంటారు. నగరానికి నీరు ఎక్కడి నుంచి వస్తుంది? ఒకప్పుడు హుస్సేన్‌సాగర్ నీళ్ళే తాగేవారు. ఇప్పుడు తాగితే బతకం. 1908లో మూసీకి పెద్ద వరద వచ్చింది. వేల మంది చనిపోయారు. తరువాత వరదను ఆపడానికి, తాగునీటికి గండిపేట చెరువు కట్టారు. 1920లో పూర్తయింది. మంజీరా నీళ్ళు 1965లో వచ్చాయి. ఆ తరువాత సింగూరు. అవి సంగారెడ్డి దిక్కు నుంచి వచ్చేవే. "మా నీళ్ళే తాగుతున్నరు మీరంత" అని అత్త ఎప్పుడూ ఎగతాళి చేస్తుంది. ఇప్పుడు ఎక్కువ భాగం కృష్ణా, గోదావరి నీళ్ళు.

గండిపేటకు నీరు శంకర్‌పల్లి దిక్కు నుంచే దిగుతుంది. కొత్తపల్లి కూడా ఆ దారిలోనే ఉంది. మరి పైన ఊళ్ళన్నీ వాగులు కడితే కింద గండిపేటకు ఏం వస్తుంది? ఇక్రిశాట్ వాళ్ళే ఈ లెక్క కట్టి చూశారు. పైన రైతుకు పంట పెరుగుతుంది, మట్టి కొట్టుకుపోదు. కింద చెరువుకు వచ్చే నీరు తగ్గుతుంది. రెండూ నిజమే అని రాశారు.

శంకర్‌పల్లి అక్క చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "పట్నం నల్లాకోసం మా చేను ఎండాల్నా?" అన్నది. పాలమూరు వదిన, "నీ చేను పైనున్నది. మా తమ్ముని చేను ఏడ ఉన్నదో? మా పైఊరోళ్ళు నాలుగు చెక్‌డ్యాములు కట్టిన్రు. ఐదోది మాది. మా దాక నీళ్ళు వస్తయా అని ఎవరన్న చూసిన్రా?" అన్నది.

ఇది కాగితంలో లేదు. ఇంజనీరు కూడా చెప్పలేదు. వదిన తనకు తానే పట్టుకున్నది.

గ్రామసభ

వదిన ఫోన్ చేసి తమ్ముడికి ఒక్కొక్కటే చెప్పింది. తమ్ముడు, "నాకు గివన్నీ అడగ రాదక్కా. నువ్వే రా" అన్నాడు.

నాలుగు ఇళ్ళలో రెండు రోజులు సెలవు అడిగింది. మూడు ఇళ్ళవాళ్ళు సరే అన్నారు. ఒక ఇంట్లో జీతం కోస్తామన్నారు. కోసుకోమన్నది. గౌలిగూడ పోయి బస్సెక్కింది.

గ్రామసభలో ఆడవాళ్ళు వెనక కూర్చున్నారు. వదిన కాగితం పట్టుకుని లేచింది. గొంతు వణికింది. "గుంటల ముందు ఖాళీ ఎందుకున్నది సార్?" అని అడిగింది. ఆయన పెన్ను తీసి అక్కడికక్కడే 6 అని వేశాడు. "కొలిచి వేయున్రి" అన్నది వదిన. టేపు తెప్పించారు. వాగు ఒడ్డుకు పోయి కొలిచారు. 4 గుంటలు తేలింది.

తరువాత ఆమె మూడేళ్ళకు పూడిక ఎవరు తీస్తారు అని అడిగింది. పంచాయతీ అన్నారు. పంచాయతీకి డబ్బెక్కడిది అంటే ఎవరూ చెప్పలేదు. ఎండాకాలం బోరు కింద వరి వేయకుండా మక్కలో, కందులో వేద్దామని ఊరంతా ఒప్పుకుంటుందా అని ఇంకో అమ్మ అడిగింది. దాని మీద అరగంట కొట్లాట జరిగింది. తీర్మానం కాలేదు. పైఊరి నాలుగు కట్టల సంగతి మళ్ళీ చూసి చెబుతామని ఇంజనీరు రాసుకున్నాడు. ఆ మాట కూడా సభ పుస్తకంలో రాయాలని వదిన పట్టుబట్టింది. రాశారు. ఆమె ఆ పేజీ చదివింది. ఒక చోట 'గుంటలు'కు 'గంటలు' అని పడింది. దిద్దించింది.

4 గుంటలకు మాత్రమే సంతకం పెట్టింది. నకలు కాగితం ఒకటి అడిగి తెచ్చుకుంది. ఆ నకలు ఇప్పుడు బస్తీలో ఆమె బియ్యం డబ్బా కింద ఉంది. ఇంజనీరు జవాబు ఇంకా రాలేదు.

రాయండి

మా సొంత ఊరు ..................

మా ఊరి వాగు పేరు .................. ఆ నీళ్ళు పోయేది .................. చెరువులోకి.

మా ఊళ్ళో ఏడాదికి 700 మిల్లీమీటర్ల వాన పడితే, ఒక ఎకరంలో పడే నీరు .................. లీటర్లు.

భూమి కాగితంలో నా పేరు ఉందా? .................. ఎన్ని గుంటలు? ..................